నల్గొండ లెక్కలో మనుషులేరీ?

ఫ్లోరైడు పీడిత గ్రామాలు 967 నుంచి సున్నాకి తగ్గాయి. సర్కారు పట్టిక చెబుతున్న మాట అది. నిజమే, కుళాయిలొచ్చాయి. కానీ దశాబ్దాల పాటు ఆ నీళ్లు తాగి వంగిపోయిన నడుములు, గట్టిపడిన మెడలు, వంకర తిరిగిన కాళ్లు ఏ పట్టికలో ఉన్నాయి? నల్గొండ జనం ప్రభుత్వాలను నిలదీసిన తీరూ, ప్రభుత్వాలు బదులిచ్చిన తీరూ... రెండూ విచిత్రమే!

అది 1996. లోక్‌సభ ఎన్నికలు. నల్గొండ స్థానానికి పోటీ చేస్తున్నది ఇద్దరో ముగ్గురో కాదు, 480 మంది! బ్యాలెట్ పత్రం కాస్తా బ్యాలెట్ పుస్తకమైంది. గుర్తులు చాలలేదు. పెట్టెలు చాలలేదు. అన్ని పేర్లూ అచ్చు వేసి, కుట్టించి, పంపించేసరికి సమయం సరిపోక ఎన్నికల సంఘం అక్కడ పోలింగునే వాయిదా వేసింది. ఓటు ఎవరికెయ్యాలన్న సంగతి అటుంచి, తమ అభ్యర్థి ఏ పేజీలో ఉన్నాడో వెతుక్కోవడమే ఓటర్లకు పెద్ద పనైపోయింది.

ఆ వందల మందిలో గెలుద్దామని నిలబడ్డవాళ్లు ఏ కొందరో. మిగతావాళ్లకు కావలసింది ఎంపీ పదవి కాదు... మంచినీళ్లు. జలసాధన సమితి పేరుతో దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన ఉద్యమం ఎంచుకున్న నిరసన రూపమది. బ్యాంకు ఉద్యోగం వదులుకుని నీళ్ల కోసం ఊరూరా తిరిగిన మనిషాయన. ధర్నాలు చేస్తే జిల్లా పేజీల్లో వార్త వస్తుంది. వందల నామినేషన్లు వేస్తే? దేశం తిరిగి చూస్తుంది. చూసింది కూడా. నామినేషనుకు డిపాజిట్టు అప్పట్లో కేవలం 500 రూపాయలు. ఆ సొమ్ము తిరిగి రాదని తెలిసే కట్టారు.

ఆ ఎన్నికల్లో సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. మరి ఢిల్లీ ఏం చేసింది? చాలా చురుగ్గా స్పందించింది! నీళ్లివ్వడంలో కాదు... చట్టం మార్చడంలో. అదే ఏడాది ఆగస్టు నాటికి ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్టును 500 నుంచి 10 వేలకు పెంచారు. స్వతంత్ర అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్న నిబంధన పెట్టారు. ఆ ఏడాది వందల మంది బరిలో దిగింది నల్గొండలోనే కాదు. కర్ణాటకలోని బెల్గాంలో 456 మంది, తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో ఏకంగా 1,033 మంది పోటీ చేశారు. సవరణ ఫలితం వెంటనే కనిపించింది. 1996లో దేశం మొత్తమ్మీద 13,952 మంది లోక్‌సభకు పోటీ చేస్తే 1998కి ఆ సంఖ్య 4,750కి పడిపోయింది. నిరసన దారి మూయడానికి నెలలు సరిపోయాయి. ఆ నిరసనకు కారణమైన నీళ్ల సంగతి తేలడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ముందు ఎద్దులు చెప్పాయి

ఇంతకీ ఈ జబ్బు గురించి ఎప్పుడు తెలిసింది? ఆ సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది.

1930లలో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఎద్దులు నడవలేకపోవడం రైతులు గమనించారు. కీళ్లు బిగుసుకుపోయి, దున్నడానికి కట్టిన ఎద్దు కాలు కదపలేకపోయేది. తర్వాత అవే లక్షణాలు మనుషుల్లోనూ బయటపడ్డాయి. 1937లో షార్ట్ అనే బ్రిటిష్ వైద్యుడూ, ఆయన సహచరులూ దానిమీద అధ్యయనం ప్రచురించారు. తాగే నీటిలోని ఫ్లోరైడు ఎముకల్ని పాడుచేస్తోందని మనదేశంలో తేల్చిన తొలి పరిశోధనల్లో అదొకటి. అంటే ఈ జబ్బు చరిత్రలో మొదటి పుటలు తెలుగు నేలమీదే రాశారన్నమాట. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఇప్పటికీ దాంతో వేగుతూనే ఉన్నాయి.

నల్గొండ వంతు 1945లో వచ్చింది. నిజాం పాలనలోనే ఇక్కడ ఫ్లోరోసిస్ ఉందని నమోదైంది. 1955 డిసెంబరులో సిద్ధిఖీ అనే వైద్యుడు రాసిన వ్యాసాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చు వేసింది. దాని పేరే 'నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్'. తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే డిసెంబరులో, అదే జిల్లాలో ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. జబ్బేమిటో చెప్పిన కాగితమూ, మందు కాగల నదికి కట్టిన ఆనకట్టా ఒకే నెలలో మొదలయ్యాయి. ఆ రెండూ కలుసుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో మరో సంగతి బయటపెట్టారు. ఈ ప్రాంతంలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ, పాదాలు ఎడమైపోతున్నాయని. ఫ్లోరైడుకు పోషకాహార లోపం తోడైతే ఏమవుతుందో అప్పుడు లోకానికి తెలిసింది. జొన్నన్నం తినే పేద కుటుంబాల పిల్లలే ఎక్కువగా దాని బారిన పడ్డారు.

అంటే నల్గొండలో ప్రభుత్వానికి 'తెలియదు' అనే వీలు ఎప్పుడూ లేదు. తెలుసు. నిజాం ప్రభుత్వానికి తెలుసు, హైదరాబాద్ రాష్ట్రానికి తెలుసు, ఆంధ్రప్రదేశ్‌కు తెలుసు. డాక్టర్లకు తెలుసు, లండన్ పత్రికలకు తెలుసు.

అసలేం జరుగుతుంది?

నల్గొండ కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడు కరుగుతుంది. కరువొచ్చి, పైనున్న బావులు ఎండి, బోర్లు లోతుకు దిగాయి. కలరా లేని 'శుభ్రమైన' నీరు అనుకుని చేతిపంపులు కొట్టుకున్నారు. చూడ్డానికి తేటగా ఉంటుంది. రంగు మారదు, వాసన రాదు. చెడ్డ నీరని నాలుకకు తెలియదు.

లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా ఫర్వాలేదనీ మన ప్రమాణాలు చెబుతాయి. అది దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే, చిన్నప్పుడైతే పళ్లమీద పచ్చటి, గోధుమరంగు గారలు. పెద్దయ్యాక కీళ్లనొప్పులు. ఆ తర్వాత మెడ తిరగదు, నడుం వంగదు... లేదా వంగింది లేవదు. వెన్నులోంచి వచ్చే నరాలు నొక్కుకుపోతే కాళ్లు పడిపోతాయి. ఎముకల్లోకి, నల్గొండ మాటలో చెప్పాలంటే బొక్కల్లోకి, దిగిన ఫ్లోరైడు అంత తేలిగ్గా బయటికి రాదు. ముదిరిన ఎముకల ఫ్లోరోసిస్‌కు మందు లేదు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతుందని పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో చూపించారు. పులుసు పెట్టుకునే తెలుగువాళ్లకు చల్లని మాటే గానీ, వంగిన నడుమును అది నిలబెట్టలేదు.

ఊరి పేరు ప్రపంచమెక్కింది!

నల్గొండ పేరు దేశదేశాల నీటి ఇంజినీర్లకు తెలుసు. ఎలాగంటారా? 'నల్గొండ టెక్నిక్' ద్వారా. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో కనిపెట్టిన పద్ధతి అది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియదిప్పి, తేర్చి, వడకట్టాలి. ఫ్లోరైడు అడుగుకు దిగుతుంది. ఖరీదైన యంత్రాలక్కర్లేదు. ఇంట్లో బకెట్లోనూ చెయ్యొచ్చు, ఊరికంతటికీ ట్యాంకులోనూ చెయ్యొచ్చు. నల్గొండ జిల్లాలో పుట్టి పేరు తెచ్చుకుని టాంజానియా దాకా వెళ్లిందా పద్ధతి.

మరి నల్గొండలో? పటిక మోతాదు నీటినిబట్టి మారుతుంది. ఒక బోరుకు సరిపోయింది ఇంకో బోరుకు చాలదు. రోజూ ఎవరో ఒకరు కొలిచి వెయ్యాలి. అడుగున చేరిన మడ్డిని తీసి ఎక్కడో పారబొయ్యాలి. పటిక ఎవరు కొంటారు? ఆపరేటరుకు జీతమెవరిస్తారు? మడ్డెవరు ఎత్తుతారు? శాస్త్రవేత్తలు తమ పని తాము చేశారు. తర్వాతి ప్రశ్నలు పంచాయతీల నెత్తిన పడ్డాయి. ప్లాంట్లు ఒక్కొక్కటిగా మూలపడ్డాయి. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్లు, మూతపడ్డప్పుడు రాలేదు.

పక్కనే కృష్ణమ్మ

ఇంకో వింత చూడండి. నాగార్జునసాగర్ జలాశయం నల్గొండ అంచునే ఉంది. కానీ ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నేల ఎత్తు. కాల్వ నీరు దానంతటదే ఎక్కదు. ఎత్తిపోయాలి. ఎత్తిపోశారు కూడా. సాగర్ జలాశయం ఒడ్డున పుట్టంగండి దగ్గర నీళ్లు తోడి అక్కంపల్లి రిజర్వాయర్లో పోసే ఎత్తిపోతల పథకం తయారైంది. ఆ అక్కంపల్లి నుంచే హైదరాబాదుకు కృష్ణా నీళ్లు వెళ్లాయి... 2004లో మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ. వంద కిలోమీటర్లకు పైగా పైపులు నల్గొండ పల్లెల మీదుగానే నగరానికి చేరాయి. చాలా ఫ్లోరైడు గ్రామాలకూ ఈ నీరే విడతలవారీగా ఇచ్చారన్నది నిజం. కానీ ఎవరి దాహం ముందు తీర్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పైపు ఏ వైపు పెద్దదిగా వేశారో అందరికీ కనబడింది.

ఎత్తిపోతల కరెంటు ఖర్చు లేకుండా, శ్రీశైలం నుంచి కొండ తొలిచి నీళ్లు తేవాలన్నది పాత కల. శ్రీశైలం ఎడమగట్టు కాల్వ... అందరూ ఎస్సెల్బీసీ అంటారు. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం. 2005లో పని అప్పగించారు. గడువులు మారాయి, ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే మారింది. 2025 ఫిబ్రవరి 22న సొరంగం లోపల పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. ఎక్కడెక్కడి నుంచో పొట్టకూటికి వచ్చినవాళ్లు. నల్గొండ నీళ్ల కథలో ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లలో నల్గొండతో ఏ సంబంధమూ లేనివాళ్లూ చేరారు.

967... సున్నా!

2003లో ఫ్లోరోసిస్ బారిన పడ్డ ఓ కుర్రాడిని ఉద్యమకారులు ఢిల్లీ తీసుకెళ్లారు. అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్లమీద కూర్చోబెట్టి చూపించారు. ఎముకలు ముడుచుకుపోయి, వయసుకు తగ్గ ఎత్తు లేని ఆ రూపం, ఏ వినతిపత్రమూ చెప్పలేనిది చెప్పింది. ఫొటోలు దేశమంతా వచ్చాయి. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది.

తెలంగాణ ఏర్పడ్డాక మిషన్ భగీరథ వచ్చింది. 2015 జూన్‌లో దాని పైలాన్‌ను ఆవిష్కరించింది అప్పటి నల్గొండ జిల్లా చౌటుప్పల్లోనే. నలభై వేల కోట్ల రూపాయలకు పైగా అంచనా. నదుల నీరు శుద్ధి చేసి ఇంటింటికీ కుళాయి. దీన్ని తక్కువ చేసి చెప్పడానికి లేదు. బిందె ఎత్తుకుని మైళ్లు నడిచిన ఆడవాళ్లకు వాకిట్లో నది నీరు రావడం చిన్న సంగతి కాదు. డెబ్బై ఏళ్లు కుదరనిది నాలుగైదేళ్లలో జరిగింది. 2020 సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు లెక్క చెప్పింది. తెలంగాణలో కొన్నేళ్ల కిందట 967 ఫ్లోరైడు పీడిత నివాస ప్రాంతాలుంటే ఇప్పుడు ఒక్కటీ లేదని. సున్నా!

ఈ సున్నా ఎలా వచ్చిందో కాస్త ఆగి చూడాలి. సర్కారు పట్టికలో లెక్కించేది మనుషుల్ని కాదు, నివాస ప్రాంతాల్ని. ఓ ఊరికి మంచి నీటి పథకం చేరిందని నమోదైతే ఆ ఊరు జాబితాలోంచి పోతుంది. భూమి కింద రాయి మారదు. బోరులో ఫ్లోరైడు తగ్గదు. కుళాయి రెండు రోజులు రాకపోతే జనం ఏ నీళ్లు పట్టుకుంటారో, కుళాయి నీళ్లు వాడకానికి ఉంచి తాగడానికి ఏ క్యాన్ కొనుక్కుంటారో ఆ పట్టికకు అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అంతకుముందే పాడైన ఒళ్లు ఆ పట్టికలో ముందూ లేదు, తర్వాతా లేదు. ఇంజినీర్ల లెక్కగా ఆ సున్నా తప్పు కాకపోవచ్చు. దాన్ని జబ్బు లెక్కగా ప్రచారం చేసుకోవడమే తప్పు. 'ఫ్లోరైడు రహితం' అన్న మాట 'ఫ్లోరోసిస్ రహితం' అన్నట్టుగా వినబడేలా చెప్పారు. వేదికల మీద ఆ తేడా ఎవరికి పట్టింది గనక!

వంగిన నడుముకు ఎంత శాతం?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు 7 రకాలుగా ఉన్న వైకల్యాలను 21కి పెంచారు. మరుగుజ్జులు, యాసిడ్ దాడి బాధితులు, తలసేమియా, సికిల్ సెల్ రోగులు... అందరికీ చోటు దొరికింది. మంచి పనే. ఆ జాబితాలో ఫ్లోరోసిస్ అన్న మాట వెతికి చూడండి. కనబడదు. ఫ్లోరోసిస్ బాధితుడు కదలికల వైకల్యం కింద దరఖాస్తు చేసుకోవాల్సిందే.

అప్పుడేమవుతుంది? సదరం శిబిరానికి వెళ్లాలి. కీలు ఎంత వంగుతోంది, కండరంలో బలమెంత... ప్రధానంగా వీటిని కొలిచి శాతం కడతారు. నలభై వస్తే పింఛను. ముప్పై ఎనిమిది వస్తే? ఏమీ లేదు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2014లో 1,500, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. నలభై దాటినవాళ్లకు అది నిజంగా ఆసరాయే. కానీ ఫ్లోరోసిస్ ఒక్కరోజులో కూలదొయ్యదు. మొదట పొద్దున లేవగానే ఒళ్లు పట్టేస్తుంది. నాటు వెయ్యడానికి వంగలేరు. కలుపు తియ్యడానికి గొంతుక్కూర్చోలేరు. కూలిపని పోయేది ఆ దశలోనే. యంత్రానికి శాతం తేలేది ఇంకెన్నో ఏళ్లకు. ఆ మధ్యకాలమంతా ఆ మనిషి ప్రభుత్వం దృష్టిలో ఆరోగ్యవంతుడే!

ఉద్దానం కథ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీల జబ్బుకు అసలు కారణమేమిటో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. అయినా అక్కడి జనం గట్టిగా అడిగారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛను ప్రకటించింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. కానీ జబ్బు పేరుమీద పింఛనుంది, జబ్బు పేరుమీద ఆసుపత్రి ఉంది. కారణం తెలియని జబ్బుకు అవి వచ్చాయి. కారణం 1945 నుంచీ తెలిసిన జబ్బుకు రాలేదు.

పరిశోధన కేంద్రం మాట నల్గొండ కూడా విన్నది. 2016లో అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి జె.పి.నడ్డా మర్రిగూడ వచ్చి, బాధితులతో మాట్లాడి, ఫ్లోరైడు పరిశోధన కేంద్రానికి, ఆసుపత్రికి హామీ ఇచ్చారు. చౌటుప్పల్ దగ్గర స్థలం చూశారు. 2022 మునుగోడు ఉప ఎన్నిక నాటికీ అక్కడ భవనం లేవలేదు. అప్పుడు ఒక పార్టీ రెండో పార్టీని ఆ ఖాళీ స్థలం చూపించి ఎద్దేవా చేసింది. నిధులివ్వలేదని ఒకరు, స్థలం అప్పగించలేదని ఇంకొకరు. ప్రచారం మాత్రం దిట్టంగా జరిగింది.

ఎవరిని అడగాలి?

అసలు చిక్కంతా ఇక్కడే. నీళ్లు ఒక శాఖవి. జబ్బు వైద్యారోగ్య శాఖది. పింఛను గ్రామీణాభివృద్ధి శాఖది. అంగన్‌వాడీలో పాలు, గుడ్లు, ఆకుకూరలు స్త్రీ శిశు సంక్షేమ శాఖవి. ఎదిగే పిల్లలకు కాల్షియం, సి విటమిన్ సరిగ్గా అందితే ఫ్లోరైడు దెబ్బ తగ్గుతుంది గనక అదీ ముఖ్యమే. బడిపిల్లలు విద్యాశాఖ వాళ్లు. నీళ్లిచ్చామని నీళ్ల శాఖ చేతులు దులుపుకుంటుంది. నీళ్లొచ్చాయి గనక కొత్త కేసులుండవని వైద్యశాఖ అనుకుంటుంది. శాతం రాలేదని పింఛను కౌంటరు చెబుతుంది. ఎవరిమటుకు వాళ్లు చెప్పేది నిజమే. అన్ని నిజాల మధ్యా మనిషి జారిపోతాడు.

మంచినీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులోనే చెప్పింది. ఆ లెక్కన చూస్తే మూడు నాలుగు తరాలకు ఆ హక్కు దక్కలేదు. నష్టపరిహారమన్న మాట మాత్రం ఏ ప్రభుత్వమూ ఎత్తలేదు. గ్యాసు లీకైతే, బస్సు బోల్తాపడితే పరిహారం ప్రకటించడం మనకు అలవాటే. కళ్లముందు కూలిన ప్రాణానికి ఇంత అని చెప్పేస్తారు. యాభై ఏళ్లపాటు గ్లాసు గ్లాసుగా జరిగిన నష్టానికి తేదీ లేదు, ఎఫ్ఐఆర్ లేదు, ముద్దాయి లేడు.

జాతీయ ఫ్లోరోసిస్ కార్యక్రమం నిబంధనలు చదివితే ముచ్చటేస్తుంది. ఇంటింటి సర్వే, బడుల్లో పళ్ల పరీక్ష, మూత్రంలో ఫ్లోరైడు కొలిచే లేబరేటరీ, అవసరమైన వారికి శస్త్రచికిత్స, ఊతకర్రలు, పునరావాసం... అన్నీ ఉన్నాయి. జిల్లాకు ఒక కన్సల్టెంటు, ఒక లేబ్ టెక్నీషియను, ఆరు నెలలపాటు ముగ్గురు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు. పాత నల్గొండ జిల్లా మొత్తాన్ని ముగ్గురు ఆరు నెలల్లో చుట్టి రావాలన్నమాట! పైగా 2016లో ఆ జిల్లా మూడు ముక్కలైంది. మర్రిగూడ నల్గొండలో ఉండిపోయింది, చౌటుప్పల్ యాదాద్రి భువనగిరికి వెళ్లింది. ఫైళ్లూ పంచుకున్నారు. బాధితుల పూర్తి జాబితా అంటూ ఒకటుంటే కదా పంచుకోవడానికి!

గ్రామసభలో అడగొచ్చు. మా ఊరి కుళాయి నీటిలో, మా ఊరి బోరులో ఫ్లోరైడు ఎంతుందో చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, కాగితం చూపించండి అని. సమాచార హక్కు కింద 2005 నుంచీ ఏ పౌరుడైనా అడగొచ్చు. సదరం శిబిరాల్లో ఫ్లోరోసిస్ అని చెప్పుకున్నవాళ్లెందరు, నలభై శాతం వచ్చినవాళ్లెందరు, వెనక్కి పంపినవాళ్లెందరు అని. ఎమ్మెల్యే శాసనసభలో అడగొచ్చు. కానీ అక్కడ ప్రశ్న ఎప్పుడూ 'ఎన్ని గ్రామాలు' అనే వస్తుంది. జవాబూ అలాగే వస్తుంది. 'ఎందరు మనుషులు' అని అడిగితేగా ఎవరైనా లెక్కపెట్టేది!

పిల్లల పళ్లు చెబుతాయి

ఇంతకీ ఆ సున్నా నిజమో కాదో తేల్చే మార్గముందా? ఉంది. అదీ చవకైనది.

శాశ్వత దంతాల్లో ముందరి పళ్లు ఊడి మొలిచేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. కానీ ఆ పళ్ల పింగాణీ పొర చిగురు లోపల తయారయ్యేది పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల లోపు. ఆ వయసులో బిడ్డ కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడు ఆ పంటిమీద మచ్చగా మిగిలిపోతుంది. తర్వాత ఎంత మంచినీరు తాగినా ఆ గార పోదు. తర్వాత ఎంత చెడ్డనీరు తాగినా అప్పటికే గట్టిపడిన పంటికి కొత్త గార రాదు. అంటే పిల్లాడి ముందరి పన్ను, వాడు పసివాడిగా ఉన్నప్పుడు ఇంట్లో ఏ నీరు తాగారో చెప్పే రికార్డు. సర్కారు దిద్దలేని రికార్డు.

మిషన్ భగీరథ నీళ్లు చాలా గ్రామాలకు 2018, 2019 నాటికి చేరాయని ప్రభుత్వం చెప్పింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు చిన్న తరగతుల్లో ఉన్నారు. వాళ్లకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు బడుల్లో ఆ పళ్లు తెల్లగా ఉంటే కుళాయి నీరు నిజంగా గొంతు దిగినట్టే. ఆ ఘనత ఎవరిదైనా చెప్పుకోవచ్చు. గారలుంటే ఏ ఊళ్లో ఉన్నాయో, ఆ ఊళ్లో ఎవరు ఏ నీరు తాగుతున్నారో వెళ్లి చూడాలి. పంటిమీది ప్రతి తెల్లమచ్చా ఫ్లోరైడుది కాదు గనక చూసేవాళ్లకు కాస్త శిక్షణ కావాలి. అమెరికా దంతవైద్యుడు డీన్ ఎనభై ఏళ్ల కిందటే ఇందుకు కొలబద్ద తయారుచేసి పెట్టాడు. మామూలు పన్ను నుంచి బాగా గారపట్టిన పన్ను దాకా ఆరు మెట్లు. జాతీయ కార్యక్రమం నిబంధనల్లో ఉన్న బడి పరీక్ష కూడా ఇదే.

ఊరివారీగా, పుట్టిన సంవత్సరంవారీగా ఆ పరీక్ష ఫలితాలను పంచాయతీ గోడమీద అంటించమని అడగడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. పక్కనే ఇంకో కాగితం కూడా అంటించమనొచ్చు. ఆ ఊళ్లో ఫ్లోరోసిస్ బాధితులెందరు, వాళ్లలో పింఛను వస్తున్నదెందరికి, సదరంలో తిరగ్గొట్టింది ఎందరిని అని. మొదటిది తయారు చెయ్యడానికి బడికి వెళ్లి పిల్లల్ని నోరు తెరవమంటే చాలు. రెండోదానికి ఇల్లిల్లూ తిరగాలి.